కొండకర్ల ఆవని ఉదయపూర్ చేయాలా? మా బావతో తెగని వాదం

కంచరపాలెం కుర్రాడు:
సెలవులకి ఇంటిల్లిపాదీ ఉదయపూర్ వెళ్ళొచ్చాం. తిరుగు రైల్లో మొదలైన వాదన ఇంకా తెగలేదు. పిఛోలా సరస్సు మధ్యలో తెల్లగా ఉండే జగ్ నివాస్ ప్యాలెస్ ఇప్పుడు హోటల్. అది చూసిన దగ్గర్నుంచి మా బావది ఒకటే పాట. "మన విశాఖ దగ్గర కొండకర్ల ఆవ అనే మంచినీటి సరస్సు ఉంది, ముడసర్లోవ చెరువు ఉంది. నీళ్ళ మధ్య హోటల్ కట్టి, మోటారు బోట్లు దింపి, రాత్రికి లైటింగ్ షో పెడితే ఉదయపూర్ మన ముందు బలాదూర్." నాకు మాత్రం మింగుడు పడట్లేదు. మీరేమంటారు?

బీచ్ రోడ్ బుల్లోడు:
నా ఓటు బావగారికే. మన ఊరొచ్చినవాళ్ళు బీచ్, సబ్‌మెరైన్, కైలాసగిరి చూసేసి మర్నాడే అరకు బండెక్కేస్తారు. ఉదయపూర్‌లో పోర్టు లేదు, పరిశ్రమల్లేవు. అయినా పెళ్ళిళ్ళు చేసుకోడానికి ఎక్కడెక్కడి నుంచో వస్తున్నారంటే ఆ సరస్సులే కారణం. హోటల్ చేయకపోయి ఉంటే ఆ ప్యాలెస్ ఈపాటికి గబ్బిలాల కొంప అయ్యేది. రాజులు పోయాక అంత కట్టడాన్ని ఎవరు పోషిస్తారు గురూ?

గోపాలపట్నం మాస్టారు:
పరిశ్రమల్లేవని ఎవరన్నారు బాబూ? పక్కనే జావర్ జింక్ గనులు. మన మింది దగ్గర జింక్ స్మెల్టర్ నడిపిన హిందుస్తాన్ జింక్ కేంద్ర కార్యాలయం ఉదయపూర్‌లోనే ఉంది.

అసలు సంగతికొస్తాను. పిఛోలాని 14వ శతాబ్దంలో ఓ బంజారా వర్తకుడు తవ్వించాడని చెబుతారు. మేవాడ్ రాజు రెండో ఉదయ్‌సింగ్ అక్కడ ఊరు కట్టడం మొదలెట్టింది 1559లో. 1568లో చిత్తోడ్ కోట అక్బర్ చేతికి పోయాక రాజధాని పూర్తిగా ఉదయపూర్‌కే మారింది. ఉదయ్‌సింగే ఆ చెరువు గట్టు ఎత్తించి పెద్దది చేశాడు. జగ్ నివాస్ కట్టింది రెండో జగత్‌సింగ్, 1740ల్లో. అంటే చెరువుకీ ఆ మేడకీ మధ్య దాదాపు నాలుగు వందల ఏళ్ళు! అది హోటల్ అయింది మొన్న మొన్న, 1960ల్లో.

అక్కడ పడే వాన ఏడాదికి 600 మిల్లీమీటర్ల పైచిలుకు. మనకి వెయ్యి దాటుతుంది. అందుకే వాళ్ళు ఒక చెరువు నిండితే మరో చెరువులోకి నీరు పోయేలా కలుపుకున్నారు. పిఛోలాకీ ఫతేసాగర్‌కీ మధ్య స్వరూప్ సాగర్ ఉంది చూడండి, అది ఆ పనికే. ఫతేసాగర్‌ది ఇంకో కథ. 17వ శతాబ్దంలో జైసింగ్ కట్టించిన గట్టు వరదకి తెగిపోతే, 1880ల చివర్లో ఫతేసింగ్ మళ్ళీ కట్టించాడు. ఈ పనులన్నీ తాగునీటికీ సాగుకీ చేసుకున్నవి. మేడలు, తోటలు, పడవ షికార్లు ఆ నీళ్ళు నిలిచాక వచ్చిన వైభోగం. మీ బావగారు చివర్న వచ్చినదాన్ని ముందు కడదామంటున్నారు.

బీచ్ రోడ్ బుల్లోడు:
చరిత్ర బాగుంది మాస్టారూ. మరి టూరిజం వల్ల సరస్సులు నాశనమైపోతే 2025లో ఉదయపూర్‌కి రామ్‌సర్ వెట్‌ల్యాండ్ సిటీ గుర్తింపు (చెరువులూ చిత్తడి నేలలూ కాపాడుకునే ఊళ్ళకి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు) ఎలా వచ్చింది? మన దేశంలో ఆ గుర్తింపు మొదట దక్కింది రెండు ఊళ్ళకే. రెండోది ఇండోర్.

గోపాలపట్నం మాస్టారు:
గుర్తింపు ఇచ్చింది హోటళ్ళకి కాదు కదా! ఊరు చుట్టూ అయిదు చెరువులున్నాయి. పిఛోలా, ఫతేసాగర్, రంగ్ సాగర్, స్వరూప్ సాగర్, దూధ్ తలాయి. వాటిని ఊరితో కలిపి బతికించుకుంటున్నందుకు ఇచ్చారు. 2000 తర్వాత వరసగా వానలు ముఖం చాటేస్తే పిఛోలా ఎండిపోయింది. పడవలు ఆగిపోయి, ఎండిన నేల మీదుగా హోటల్‌కి బళ్ళు వెళ్ళాయి. నీళ్ళు లేని నాడు ఆ మేడ దగ్గర ఫొటో ఎవరు దిగుతారు?

ఎంవీపీ పిన్ని:
మీ ఇద్దరూ హోటళ్ళూ గట్లూ అంటూ పండగల్ని వదిలేశారు. నేను గంగౌర్‌కి వెళ్ళాను. ఉగాది వెళ్ళిన రెండో రోజు, చైత్ర శుద్ధ తదియ. మన ఇళ్ళల్లో సౌభాగ్య గౌరీ వ్రతం చేసుకునే రోజే. అక్కడ ఆడవాళ్ళు ఈశ్వరుడు, గౌరి బొమ్మల్ని నెత్తిన పెట్టుకుని, జగదీశ్ గుడి వైపు నుంచి ఇరుకు సందుల్లో పాడుకుంటూ గంగౌర్ ఘాట్‌కి దిగుతారు. మూడు కమానుల ద్వారం దాటితే మెట్లే. నా పక్కన ఓ ముసలావిడ బొమ్మని కింది మెట్టు మీద దించి, గౌరమ్మ చీర కుచ్చిళ్ళు సర్ది, దోసిట్లో నీళ్ళు తీసి మూతికి అందించింది. వెనక ఇంకో ఇరవైమంది వాళ్ళ బొమ్మలతో నిలబడ్డారు. టికెట్ లేదు, వీఐపీ వరస లేదు. (తోపులాట మాత్రం మన సింహాచలం చందనోత్సవానికి ఏం తీసిపోదు!)

ఆషాఢ బహుళ అమావాస్య, అదే మన చుక్కల అమావాస్యకి, వాళ్ళు హరియాలీ అమావాస్య మేళా చేస్తారు. ఫతేసాగర్ గట్టు, సహేలియోంకీ బాడీ తోట చుట్టుపక్కలంతా కిటకిటలాడుతుంది. రెండో రోజు మేళా ఆడవాళ్ళకే. మగవాళ్ళకి ప్రవేశం లేదు. బుల్లోడుగారూ, మీ హోటల్ కట్టాక ఆవ గట్టు మీద మాకు అలాంటి రోజు ఒకటి ఇస్తారా, లేక ఎంట్రీ ఫీజు అంటారా?

బీచ్ రోడ్ బుల్లోడు:
అమ్మా, ఫీజు పెడితేనే కదా గట్టు శుభ్రంగా ఉండేది! ఇప్పుడు ఉచితమే. గట్టు నిండా ప్లాస్టిక్ గ్లాసులు, బిర్యానీ పొట్లాలే.

ఆవ గట్టోడు:
మాది ఆవ పక్క ఊరే. ఇంతసేపూ ఆవ గురించి మాట్లాడారుగానీ ఆవలో ఏముందో ఎవరూ చెప్పలేదు. రెండు తాటి మొద్దుల్ని తొలిచి, పక్కపక్కన కలిపి కట్టిన దోనెలు మావి. తామరాకుల మధ్య నుంచి గెడతో తోసుకుంటూ పోతాం. కడుపులోతు నీళ్ళున్న చోట కూడా పోతుంది. మోటారు బోటు దింపితే ఫ్యాన్‌కి తామర తూళ్ళు చుట్టుకుని ఆగిపోతుంది. లేదంటే తామరంతా పీకించాలి. తామర పోయాక పిట్టలెందుకొస్తాయి? శీతాకాలంలో జనం వచ్చేది వాటిని చూడ్డానికే.

ముడసర్లోవలో ఇప్పటికే నీళ్ళ మీద 2 మెగావాట్ల సోలార్ పలకలు తేలుతున్నాయి. 2018లో పెట్టారు. హోటల్ వాటి మీద కడతారేమో మరి.

కంచరపాలెం కుర్రాడు:
అన్నీ బావకి చదివి వినిపించాను. లైటింగ్ షో వదిలేశాడు, హోటల్ వదల్లేదు. "నీళ్ళ మధ్య వద్దులే, గట్టు మీద కడదాం" అంటున్నాడు.

గోపాలపట్నం మాస్టారు:
ఏ గట్టు బాబూ? వానాకాలంలో నీళ్ళు ఎంతవరకు వస్తాయో ఆవ గట్టాయన్ని ముందు అడగమను.

ఆవ గట్టోడు:
ఈ శ్రావణంలో రమ్మనండి, చూపిస్తాను. చెప్పులు మాత్రం ఇంటి దగ్గరే వదిలేసి రావాలి.