మహమ్మారి వల్ల డిప్రెషన్ నిజంగా పెరిగిందా, లెక్కల్లోనే పెరిగిందా?

తూనికరాయి:
కోవిడ్ మొదటి ఏడాదిలో డిప్రెషన్, ఆందోళన ప్రపంచమంతటా 25 శాతం పెరిగాయని 2022 మార్చిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. అప్పటి నుంచి అందరి నోటా అదే అంకె. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. 2023లో బీఎంజే పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. మహమ్మారికి ముందటి వివరాలతో పోల్చిన 137 అధ్యయనాలను కలిపి చూస్తే, సాధారణ జనాభాలో తేడా చాలా స్వల్పం.

డిప్రెషన్ లక్షణాలు కొలవడానికి సర్వేల్లో తరచూ వాడే పీహెచ్‌క్యూ-9 ప్రశ్నపత్రం సంగతీ చూడండి. గత రెండు వారాల గురించి తొమ్మిది ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. లాక్‌డౌన్‌లో వేళాపాళా తప్పిన మనిషికి నిద్రకు 3, నీరసానికి 3, ఆకలికి 2, ఏకాగ్రతకు 2 పడ్డాయనుకోండి. మొత్తం 10. మామూలుగా గీత గీసేది అక్కడే. దిగులుగా ఉందని ఒక్కసారీ అనకుండానే లెక్కలోకి ఎక్కేస్తాడు.

వెన్నెలదారి:
తూనికరాయి గారూ, పీహెచ్‌క్యూ-9 జల్లెడ మాత్రమే, డాక్టరు నిర్ధారణ కాదు. అంతవరకు సరే. కానీ మీరు సగటు దగ్గరే ఆగిపోతున్నారు. రోజూ ప్రయాణం, ఆఫీసు టెన్షన్ తప్పి కొందరు తేరుకున్నారు. ఇంకొందరికి ఉద్యోగం పోయింది, ఇంట్లో మనిషి పోయాడు. ఇద్దరినీ కలిపి లెక్కేస్తే తేడా స్వల్పంగానే కనబడుతుంది. ఆ సమీక్షలోనే ఆడవాళ్ల పరిస్థితి కాస్త దిగజారిందని ఉంది. పైగా అందులోని అధ్యయనాల్లో ఎక్కువ భాగం సంపన్న దేశాలవి.

మా బాబాయి పోయినప్పుడు పిన్నిని ఆస్పత్రిలోకి రానివ్వలేదు. నర్సు ఫోన్ పట్టుకుని చూపించింది, అదే చివరి చూపు. ఆ తర్వాత చాలాకాలం ఫోన్ మోగితే పిన్ని ఉలిక్కిపడేది, ఎత్తేది కాదు. సర్వే వాళ్లు చేసినా ఎత్తి ఉండేది కాదు. అలాంటివాళ్లు మీ 137లో ఎక్కడున్నారు?

గవాక్షం:
ప్రశ్నపత్రాలు పక్కన పెట్టి ఆత్మహత్యల లెక్కలు చూద్దాం. 21 దేశాల సమాచారంతో 2021లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన అధ్యయనం, మహమ్మారి తొలి నెలల్లో పెరుగుదలకు ఆధారం లేదంది. ఇది తూనికరాయి గారి వైపే. అయితే జపాన్‌లో మొదట తగ్గిన ఆత్మహత్యలు 2020 జులై నుంచి పెరిగాయి. ఆడవాళ్లలో ఆ పెరుగుదల మరీ ఎక్కువ. దెబ్బ ఆలస్యంగా బయటపడితే తొలి నెలల లెక్కతో ధైర్యం తెచ్చుకోలేం.

తూనికరాయి:
జపాన్ ఉదాహరణ కూడా నా మాటే చెబుతోంది. దెబ్బ అందరికీ ఒకేలా తగల్లేదు. జనమంతా కుంగిపోయారని ప్రచారం చేస్తే డబ్బంతా అవగాహన పోస్టర్లకూ ధ్యానం యాప్‌లకూ పోతుంది. వెన్నెలదారి గారి పిన్నిగారి దాకా ఏమీ రాదు. నా కోపం అందుకే.

వెన్నెలదారి:
అయితే వాళ్లను వెతికే పద్ధతి మాట్లాడుకుందాం. ఆప్తులు పోయి ఆరు నెలలు దాటినా మనిషిని కోలుకోనివ్వని శోకాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల జాబితా ఐసీడీ-11 విడి రుగ్మతగా గుర్తించింది. మరణాల రిజిస్టర్ ప్రతిచోటా ఉంటుంది. ఆ పేర్లు పట్టుకుని, ఆరు నెలలకు ఆరోగ్య కార్యకర్త ఆ ఇంటి తలుపు తట్టాలి. ఫోన్ చేస్తే సరిపోదు.