కీపర్ డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ రన్నింగ్ బ్యాక్‌కేనా?

మాది 12 జట్ల ఫ్యాంటసీ ఫుట్‌బాల్ లీగ్ (అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని డ్రాఫ్ట్‌లో వంతులవారీగా ఎంచుకుని, వాళ్ల ఆటని బట్టి పాయింట్లు పొందే ఆట), ఫుల్ పీపీఆర్, అంటే పట్టిన ప్రతి పాస్‌కీ ఒక పాయింట్. 2025 సీజన్‌కి నేను పాస్‌లు పట్టే పూకా నకువా, ట్రే మెక్‌బ్రైడ్‌ని కీపర్లుగా (పోయిన సీజన్ జట్టులోంచి వదలకుండా) ఉంచుకున్నాను. రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరుగెత్తేవాడు) ఒక్కడూ లేడు. పేరున్న రన్నింగ్ బ్యాక్‌లు బార్క్‌లీ, బిజాన్ రాబిన్సన్, గిబ్స్‌ని మిగతావాళ్లు ఎలాగూ వదల్లేదు.

నాది నాలుగో పిక్. నా వంతు వచ్చేసరికి రన్నింగ్ బ్యాక్‌లలో డెరిక్ హెన్రీ, ఆష్టన్ జెంటీ మిగిలేలా ఉన్నారు. హెన్రీ 2024లో 1,921 యార్డులు పరుగెత్తాడు, కానీ ఈ 2025 సీజన్‌కి వయసు 31. జెంటీ రెయిడర్స్ జట్టుకి కొత్తగా వచ్చిన కుర్రాడు, బాగా ఆడితే వచ్చే ఏడాదీ ఉంచుకోవచ్చు.

2024లో మొదటి పిక్‌గా రన్నింగ్ బ్యాక్ మెక్‌కాఫ్రీని తీసుకున్నాను. గాయాలతో నాలుగే మ్యాచ్‌లు ఆడాడు, నా సీజన్ అక్కడే పోయింది. ఆ టెన్షన్ ఇంకా ఉంది. ఈసారి ముందు మంచి రిసీవర్‌ని (పాస్‌లు పట్టేవాణ్ణి) తీసుకుని, రన్నింగ్ బ్యాక్‌లని మూడో రౌండ్ నుంచి చూసుకోవడం మేలా? ఆదివారమే డ్రాఫ్ట్. కీపర్ లీగ్ ఆడిన అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి.