బీటెక్ అయిపోతోంది, తెలుగు ఫాంట్లు చేసుకుంటూ బతకొచ్చా?

ఫ్లెక్స్‌షాపు_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మాది నరసరావుపేట, సీఎస్ఈ ఆఖరి సెమిస్టర్. చెన్నైలో ఒక సర్వీస్ కంపెనీ ఆఫర్ చేతిలో ఉంది. మా బాబాయిది ఫ్లెక్స్ షాపు, ఇంటర్ నుంచీ సెలవులొస్తే అక్కడే కూర్చుని అను ఫాంట్లలో (డీటీపీ షాపుల్లో వాడే పాత తరహా తెలుగు ఫాంట్లు) పెళ్లిళ్లకీ వర్ధంతులకీ బ్యానర్లు కొట్టేవాణ్ణి. ఎన్నాళ్లు చూసినా అవే అక్షరాలు. విసుగొచ్చి ఫాంట్‌ఫోర్జ్ అని ఫాంట్లు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దించుకుని సొంతంగా ఒకటి గీయడం మొదలుపెట్టా, ఇప్పుడు రాత్రిళ్లు అదే పని, ప్రాజెక్ట్ రిపోర్ట్ కూడా పక్కన పడేశా. గుణింతాల దాకా వచ్చింది, ఒత్తుల దగ్గర ఆగిపోయింది. ఉద్యోగం వదిలేసి ఇందులోకే వెళ్దామని ఉంది. నాన్నేమో "ఫాంట్లన్నీ ఊరికే దొరుకుతుంటే నీకు డబ్బులెవడిస్తాడ్రా" అంటున్నారు, నా దగ్గర జవాబు లేదు. ఈ పనిలో ఉన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి.

ఒత్తులబాబు:
తమ్ముడూ, నేను బెంగళూరులో టైప్ డిజైన్ పనే చేస్తున్నా. నాన్నగారు సరిగ్గానే అడిగారు. తెలుగు ఫాంటు గీసి ఒక్కొక్కరికీ అమ్ముకుని బతుకుదామంటే కుదరదు, మన దగ్గర డబ్బులిచ్చి లైసెన్స్ తీసుకునే అలవాటు తక్కువ. రామభద్ర, మండలి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగానే ఉన్నాయి. డబ్బు వచ్చేది వేరే దారిలో: ఫోన్ల కంపెనీలు, యాప్‌లు, బ్యాంకులు తమ అక్షరం అన్ని భారతీయ లిపుల్లో ఒకే తీరుగా ఉండాలని చేయించుకుంటాయి. 2022లో వచ్చిన అనెక్ ఫాంటు చూడు, ఏక్ టైప్ అనే ఫాంట్ల సంస్థ వాళ్లది, తొమ్మిది భారతీయ లిపులు, వాటితో పాటు ఇంగ్లిష్. అలాంటి పనికి తెలుగు చదివేవాడు, గీసేవాడు కావాలి. కోడ్ కూడా వస్తే ఇంకా మంచిది, ఎందుకంటే ఫాంట్ పనిలో సగం పైథాన్ స్క్రిప్టులే, ఫాంట్‌టూల్స్ అని ఒక లైబ్రరీ ఉంది, దాన్ని పట్టుకో. మా వాళ్లలో గీసేవాళ్లు బాగానే దొరుకుతారు, షేపింగ్ రూల్స్ (ఏ అక్షరం పక్కన ఏది వస్తే ఏ రూపం పడాలో చెప్పేవి) రాసేవాళ్ల కోసమే వెతుక్కోవాలి. నీ బీటెక్ వృథా అనుకోకు.

నా మాటయితే ఉద్యోగంలో చేరు, జీతం రానీ, ఈ ఫాంట్ మాత్రం పూర్తి చేసి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా ఓపెన్ లైసెన్స్‌తో బయట పెట్టు. సగంలో ఆగిన ఫాంటు చూసి ఎవరూ పిలవరు.

మేడమీద_గది:
ఒత్తులబాబు గారితో నాకు సగమే ఒప్పుదల. "ఉద్యోగంలో చేరి రాత్రిళ్లు చేసుకో" అని అందరూ అంటారు, షిఫ్టులు మొదలయ్యాక రాత్రిళ్లు ఎక్కడివండీ? మా బ్యాచ్‌లో అలా చేరినవాళ్లు వీకెండ్ కూడా లాప్‌టాప్ ముందే ఉంటారు, ఆఫీసు పని కోసం. సీడ్ అని డిజైన్ పీజీ ప్రవేశ పరీక్ష ఉంది, అది రాయి, జనవరిలో ఉంటుంది, బీటెక్ వాళ్లకీ అర్హత ఉంది. ఐఐటీ బాంబే డిజైన్ స్కూల్ ఐడీసీలోనో మన హైదరాబాద్ ఐఐటీలోనో ఎం.డెస్ (డిజైన్‌లో పీజీ) సీటొస్తే రెండేళ్లు అక్షరాలతోనే గడపొచ్చు. ఇంట్లో కూడా "ఐఐటీ" అనగానే సగం గొడవ తగ్గుతుంది, అది మాత్రం రాసిపెట్టుకో. కాకపోతే ఆ రెండేళ్లు ఇంటికి డబ్బు పంపలేవు, లోన్లు ఉంటే ముందే లెక్క చూసుకో.

డీటీపీ_మావయ్య:
మీరంతా పెద్ద పెద్ద కంపెనీల గురించి చెబుతున్నారు, నేను తెనాలిలో డీటీపీ చేసుకునేవాణ్ణి. నాకు కావాల్సింది ఒక్కటే. అనులో కొట్టిన మేటర్ వాట్సాప్‌లో పెడితే పిచ్చి ఇంగ్లిష్ అక్షరాలు కనపడతాయి, ఎక్కడ పెట్టినా తెలుగుగానే కనపడే యూనికోడ్‌లో కొడదామంటే బ్యానర్ మీద నిండుగా కనపడే లావు అక్షరం తక్కువ. చేసేదేదో అది చెయ్యి బాబూ. ఇంకో మాట, ఫాంట్ పరీక్షకి "అమ్మ" "ఆవు" కొట్టి బాగుందనుకోకు. "స్థైర్యం" కొట్టు. కింద థ ఒత్తు, దాని పక్కనే ఐత్వం తోక, రెండూ ఒకచోటే పడి కొట్టుకుంటాయి. తర్వాత "రాష్ట్రం", ఒక అక్షరం కింద రెండు ఒత్తులు, కింది లైన్‌లో గుడులుంటే వాటి నెత్తిన కూర్చుంటాయి. పార్టీ వాళ్ల బ్యానర్‌లో రాష్ట్ర నాయకుడి పేరు అలా పడిందో, నిన్నూ నన్నూ కలిపి తిడతారు.

ఫ్లెక్స్‌షాపు_కుర్రోడు:
మావయ్య గారూ, ఇప్పుడే కొట్టి చూశా. స్థైర్యంలో ఒత్తూ తోకా కలిసి నల్ల ముద్దయిపోయింది 😅 నాది లావు ఫాంటే కాబట్టి ఇంకా ఘోరంగా ఉంది. తోకని కుడికి జరిపితే పక్క "ర్యం" ఒత్తుకి తగులుతోంది.

మేడమీద గారూ, ఇంట్లో లోన్ ఉంది, కాబట్టి చెన్నై వెళ్లక తప్పేలా లేదు, కానీ సీడ్ మాత్రం రాస్తా. ఒత్తులబాబు అన్నా, ఐత్వం తోకకి ఒత్తు ఉన్నప్పుడు వేరే చిన్న రూపం గీసి రూల్‌తో మార్చాలా, లేక ఒత్తునే పైకి జరపాలా? మీరు ఎలా చేస్తారు?

ఒత్తులబాబు:
చిన్న రూపం వేరేగా గీయి. లావు ఫాంటులో పైకి జరపడానికి చోటెక్కడుంటుంది. ఫైలు గిట్‌హబ్‌లో పెట్టి లింకు ఇక్కడ పెట్టు, ఆదివారం చూస్తా.