హెచ్‌ఎం ప్రమోషన్ దగ్గరపడింది: ఏ పరీక్షలు రాయాలి, ఏం నేర్చుకోవాలి?

స్కూల్ అసిస్టెంట్ (గణితం), నంద్యాల జిల్లా:
అందరికీ నమస్కారం. జెడ్పీ హైస్కూల్లో పనిచేస్తున్నాను. సీనియారిటీ జాబితాలో నా పేరు పైకి వచ్చింది కానీ డిపార్ట్‌మెంటల్ టెస్టులు ఇంతవరకూ రాయలేదు. గ్రేడ్-2 హెచ్‌ఎం కావాలంటే ఏవేవి పాసవ్వాలి? స్కూల్ లీడర్‌షిప్ డిప్లొమా చేస్తే ముందుకొస్తామని ఒకాయన అన్నారు, నిజమేనా? పిల్లలకు పాఠం చెప్పడం తప్ప ఆఫీసు పని ఏమీ తెలియదు. అదే నా భయం.

రిటైర్డ్ హెచ్‌ఎం, ప్రకాశం జిల్లా:
సార్, మూడు పేపర్లు. జీఓటీ (గెజిటెడ్ ఆఫీసర్ల టెస్టు) కోడ్ 88, 97. ఈఓటీ (ఎగ్జిక్యూటివ్ ఆఫీసర్ల అకౌంట్స్ టెస్టు) కోడ్ 141. ఏపీపీఎస్సీ నిర్వహిస్తుంది, మామూలుగా మే, నవంబరు సెషన్లలో. ఒక్కో పేపరుకు 100 మార్కులు, 40 వస్తే పాస్. మూడూ ఒకేసారి పాసవ్వాలని లేదు, పాసైన పేపరు మళ్లీ రాయక్కర్లేదు. 141 మాత్రం తేలిగ్గా తీసుకోకండి. అందులో వచ్చే ఫైనాన్షియల్ కోడ్, ట్రెజరీ కోడ్ (ప్రభుత్వ డబ్బు లెక్కల నియమాలు) మన బోధనలో ఎప్పుడూ తగలని సబ్జెక్టులు. రోజుకో గంట చొప్పున రెండు నెలలు కూర్చుంటే చాలు. ఫలితం రాగానే ఎస్‌ఆర్‌లో (సర్వీస్ రిజిస్టర్‌లో) ఎంట్రీ వేయించుకోండి. పాసై కూడా ఆ ఎంట్రీ లేక, ప్రమోషన్ సమయంలో కాగితాల కోసం పరుగెత్తినవాళ్లను చూశాను.

హెచ్‌ఎం మేడం, గుంటూరు జిల్లా:
డిప్లొమా విషయం నేను చెబుతాను సార్. ప్రమోషన్ సీనియారిటీ మీదే. డిప్లొమా వల్ల జాబితాలో ఒక్క స్థానం కూడా పైకి రారు. పదోన్నతి కోసమైతే డబ్బు పెట్టకండి. నేర్చుకోవాలని ఉంటే మాత్రం ఢిల్లీలోని నీపాలో నేషనల్ సెంటర్ ఫర్ స్కూల్ లీడర్‌షిప్ ఉంది. వాళ్ల ఆన్‌లైన్ కోర్సు ఉచితం, సర్టిఫికెట్ కూడా ఇస్తారు. తోటి ఉపాధ్యాయుల క్లాసుకు వెళ్లి చూసి వాళ్లతో ఎలా మాట్లాడాలో నాకు అక్కడే తెలిసింది. 2020 జాతీయ విద్యా విధానం కూడా టీచర్లకూ హెచ్‌ఎంలకూ ఏటా 50 గంటల శిక్షణ ఉండాలంటోంది.

ఇంకొకటి, తల్లిదండ్రుల కమిటీ. విద్యాహక్కు చట్టం ప్రకారం సభ్యుల్లో కనీసం నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది మహిళలు. సంతకాల కోసం మాత్రమే పిలిస్తే వాళ్లు మళ్లీ రారు. ముందే మినిట్స్ రాసేసి సంతకాలు పెట్టించే అలవాటు కొన్నిచోట్ల ఉంది, దయచేసి మీరు ఆ దారి పట్టకండి.

స్కూల్ అసిస్టెంట్:
ధన్యవాదాలు మేడం. హెచ్‌ఎం చేయాల్సిన డీడీఓ పనే (జీతాలు, ఖర్చుల బిల్లులు సంతకం చేసి డబ్బు డ్రా చేసే బాధ్యత) ఇంకా అర్థం కావడం లేదు. జీతాల బిల్లులు జూనియర్ అసిస్టెంట్ చేస్తారు కదా?

రిటైర్డ్ హెచ్‌ఎం:
చేసేది ఆయనే, సంతకం మీది. ఎవరు తప్పు చేసినా రికవరీ నోటీసు మీ పేరుకే వస్తుంది. అందుకే ఇప్పటినుంచే మీ హెచ్‌ఎం గారిని అడిగి నెలలో ఒక్కరోజు ఆఫీసులో కూర్చోండి. క్యాష్ బుక్‌లో ఏ రోజు లెక్క ఆ రోజే రాయాలి. స్కూల్ గ్రాంటు ఖర్చుకు తీర్మానం, బిల్లు, ఓచరు, స్టాక్ ఎంట్రీ నాలుగూ కలిసి ఉండాలి.

నా అనుభవం చెబుతాను. మొదటి చార్జి తీసుకున్నరోజు స్టాక్ రిజిస్టర్ లెక్కపెట్టకుండానే సంతకం పెట్టాను. పాత హెచ్‌ఎం గారి మీద గౌరవం, పైగా ఆయన బస్సుకు టైమవుతోంది. ఏళ్ల తర్వాత ఆడిట్‌లో లేబొరేటరీ సామాను కొంత కనిపించలేదు. నేను రిటైరయ్యేనాటికి ఆ అభ్యంతరం తేలక పెన్షన్ కాగితాలు మూడు నెలలు ఆగాయి. మీరు చార్జి తీసుకునేటప్పుడు రెండు రోజులు పట్టినా సరే, బెంచీ నుంచి మైక్రోస్కోపు దాకా చూసి, లేనిదాన్ని లేదని చార్జి లిస్టులోనే రాయండి. ఎవరూ ఏమనుకోరు. అనుకున్నా ఫర్వాలేదు.

హెచ్‌ఎం మేడం:
అడ్మిషన్ రిజిస్టర్, టీసీ పుస్తకాలు కూడా చూడండి సార్. పుట్టిన తేదీలో దిద్దుబాటు ఉండి సంతకం లేకపోతే పదో తరగతి నామినల్ రోల్స్ (పరీక్ష రాసే పిల్లల వివరాల జాబితా) పంపేటప్పుడు ఆ బిడ్డ ఇబ్బంది పడుతుంది.

స్కూల్ అసిస్టెంట్:
రేపే మా హెచ్‌ఎం గారిని అడుగుతాను, ఈ నెల క్యాష్ బుక్ ఆయన పక్కన కూర్చుని రాస్తానని. 141కి మీరు చదివిన పుస్తకాలు ఉంటే ఒక నెల ఇస్తారా మాస్టారూ? వచ్చి తీసుకుంటాను.