హ్యాకథాన్‌లో చేసిన ప్రాజెక్టుతో కంపెనీ పెట్టినవాళ్లు ఉన్నారా? మీ అనుభవం చెప్పండి

నీలిచుక్క:
అందరికీ నమస్కారం. పోయిన నెల 36 గంటల హ్యాకథాన్‌లో (గడువులోపు టీమ్‌లుగా ఏదైనా సాఫ్ట్‌వేర్ తయారుచేసే పోటీ) మా టీమ్‌కి రెండో బహుమతి వచ్చింది. మేం నలుగురం. ఇద్దరం ముందు నుంచీ స్నేహితులం, మిగతా ఇద్దరూ అక్కడే పరిచయమయ్యారు. పళ్ల డాక్టర్ల దగ్గర ఎవరైనా అపాయింట్‌మెంట్ రద్దు చేసుకుంటే, ఆ ఖాళీ గురించి ఎదురుచూస్తున్నవాళ్లకి వెంటనే మెసేజ్ పంపే యాప్ చేశాం. జడ్జిల్లో ఒకాయన స్టేజి దిగాక పక్కకి పిలిచి "దీన్ని ఇక్కడితో వదిలెయ్యకండి" అన్నారు. అప్పటి నుంచి సరిగా నిద్ర పట్టడం లేదు. ఉద్యోగం మానెయ్యాలా? ముందు కంపెనీ రిజిస్టర్ చేయించాలా? ఇన్వెస్టర్ల కోసం తిరగాలా? ఈ దారిలో నడిచినవాళ్లు ఏం చేశారో, ఎక్కడ దెబ్బతిన్నారో చెబితే చాలా మేలు చేసినవాళ్లవుతారు.

మూడో_బెంచి:
ముందుగా అభినందనలు. ఒక్క ప్రశ్న. డెమోలో చూపించిందాంట్లో నిజంగా పనిచేసేది ఎంత?

నీలిచుక్క:
నిజం చెప్పాలంటే మెసేజ్ వెళ్లడం ఒక్కటే. డాక్టర్ల పేర్లు, టైమింగ్స్ అన్నీ కోడ్‌లోనే రాసి పెట్టేశాం. లాగిన్ కూడా లేదు.

మూడో_బెంచి:
అందులో తప్పేం లేదు, ఆ టైమ్‌లో అందరూ చేసేది అదే. కానీ జడ్జిలు చూసింది మూడు నిమిషాల డెమో. వాళ్లలో ఎవరూ రోజంతా ఒక క్లినిక్‌లో కూర్చుని అపాయింట్‌మెంట్లు రాసుకునే పని చేయరు. కంపెనీ రిజిస్ట్రేషన్ పక్కన పెట్టి, ఈ వారంలోనే ఆ పని చేసేవాళ్లని ముగ్గురు నలుగురిని కలవండి. యాప్ చూపించకండి. ఖాళీ వస్తే ఇప్పుడు ఏం చేస్తున్నారో అడిగి వినండి, అంతే.

గడియారం:
నా అనుభవం కొంచెం వివరంగా రాస్తాను, మీకు ఇప్పుడే పనికొస్తుంది.

మేం ఐదుగురం, మొదటి బహుమతి కూడా వచ్చింది. తరువాత దాన్ని ముందుకు తీసుకెళ్లింది ఇద్దరమే. మిగతావాళ్లు "ఆల్ ది బెస్ట్" అని చెప్పి వాళ్ల పనుల్లో పడిపోయారు. ఎవరి మీదా ఎవరికీ కోపం లేదు. కోడ్ ఒకరి గిట్‌హబ్ (కోడ్ దాచుకునే వెబ్‌సైట్) అకౌంట్‌లో, డొమైన్ (మా వెబ్‌సైట్ చిరునామా) ఇంకొకరి పేరు మీద ఉండిపోయాయి. ఏడు నెలలు రాత్రింబవళ్లు పనిచేశాక మొదటి కస్టమర్ ఒప్పందం పంపమన్నారు. మాకున్న సంతోషం అంతా ఇంతా కాదు, గ్రూపులో ఫొటో పెట్టాం. ఆ సాయంత్రమే, హ్యాకథాన్‌లో డిజైన్ చేసిన కుర్రాడి నుంచి మెసేజ్. "అన్నా, ఇందులో నా వాటా ఎంత?"

అతను అడిగిందాంట్లో అన్యాయం లేదు. లోగో, స్క్రీన్లు అన్నీ అతని చేతిపనే. మా మధ్య రాసుకున్న కాగితం ఒక్కటి కూడా లేదు. చాలా దేశాల చట్టాల్లో, ఉద్యోగంలో భాగంగా చేసిన పని అయితే తప్ప, చేసినవాళ్లు రాసిచ్చే దాకా హక్కు వాళ్లదే. మూడు నెలలు మాటలతోనే గడిచిపోయాయి. చివరికి స్క్రీన్లన్నీ కొత్తగా గీయించుకున్నాం. ఆ కస్టమర్ అప్పటికే వేరేవాళ్ల దగ్గరకి వెళ్లిపోయారు. అంతకన్నా పెద్ద బాధ, ఆ కుర్రాడూ నేనూ ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు.

అందుకే చెబుతున్నాను. నలుగురూ ఇంకా సంతోషంగా ఉన్నప్పుడే కూర్చుని మాట్లాడుకోండి. ఎవరు కొనసాగుతారు, ఎవరు తప్పుకుంటారు? తప్పుకునేవాళ్లు చేసిన భాగం మీద హక్కు రాతపూర్వకంగా ఇస్తారా, బదులుగా వాళ్లకి ఏమిస్తారు? కొనసాగేవాళ్లకి వాటా ఒకేసారి ఇవ్వకుండా వెస్టింగ్ పెట్టుకోండి, అంటే పనిచేసిన కాలాన్ని బట్టి వాటా కొంచెం కొంచెంగా చేతికి రావడం. ఎక్కువమంది పెట్టుకునేది నాలుగేళ్లు. మొదటి ఏడాది నిండకముందే వెళ్లిపోతే ఏమీ రాదు, నిండితే పాతిక శాతం, ఆ తరువాత నెలనెలా కొంత. స్నేహితుల మధ్య ఇదంతా ఎందుకని మొహమాటపడకండి. మేం పడ్డాం.

పాత_కీబోర్డు:
గడియారం గారు చెప్పిందానికి ఇంకొంచెం కలుపుతాను. మీరు ఉద్యోగం చేస్తున్నారు కాబట్టి చేరినప్పుడు ఇచ్చిన నియామక కాగితాలు తీసి చదవండి. ఉద్యోగంలో ఉండగా చేసిందేదైనా కంపెనీదే అని కొన్నిచోట్ల రాసి ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్ వాడి ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. హ్యాకథాన్ నిబంధనలు కూడా చదవండి. చాలావాటిలో హక్కు టీమ్‌దే, కానీ స్పాన్సర్‌కి వాడుకునే అనుమతి ఇచ్చినట్టు ఒక వాక్యం ఉండే అవకాశం ఉంది.

ఇక కోడ్. హడావిడిలో ఎక్కడెక్కడి నుంచి లైబ్రరీలు (వేరేవాళ్లు రాసిపెట్టిన కోడ్) తెచ్చి పెట్టారో, వాటిని ఏ షరతుల మీద, అంటే ఏ లైసెన్స్ కింద ఇచ్చారో ఒక్కొక్కటీ చూడండి. ఎంఐటీ లైసెన్స్ అయితే పెద్దగా దిగులు లేదు. జీపీఎల్ అనే లైసెన్స్ అయితే, మీ యాప్‌ని బయటివాళ్లకి ఇచ్చేటప్పుడు మీ సోర్స్ కోడ్ కూడా ఇవ్వాల్సి రావచ్చు. రిపోజిటరీ (మీ కోడ్ దాచిన చోటు) పబ్లిక్‌గా ఉండి అందులో ఏపీఐ కీ (బయటి సర్వీసులని వాడుకోవడానికి ఇచ్చే పాస్‌వర్డ్ లాంటిది) ఉంటే ఈరోజే ఆ కీ మార్చేయండి. ఫైల్ తీసేస్తే సరిపోదు, పాత కమిట్లలో (ముందు దాచిన మార్పుల చరిత్రలో) అది అలాగే ఉంటుంది.

వాన_చినుకు:
ధైర్యం కోసం కొన్ని పేర్లు చెబుతాను. గ్రూపులుగా మెసేజ్‌లు పంపుకునే గ్రూప్‌మీ 2010లో న్యూయార్క్‌లో టెక్‌క్రంచ్ డిస్రప్ట్ హ్యాకథాన్‌లో పుట్టింది, అదీ మీలాగే మెసేజ్‌ల మీద నడిచే ఆలోచన. మరుసటి ఏడాదే స్కైప్ కొనేసింది. పాత వస్తువులు అమ్ముకునే, కొనుక్కునే యాప్ క్యారసెల్ 2012లో సింగపూర్ స్టార్టప్ వీకెండ్‌లో (హ్యాకథాన్ లాంటిదే, వారాంతంలో జరుగుతుంది) మొదలైంది.

నాకు వీటన్నిటికన్నా ఇష్టమైంది, ఒక సాఫ్ట్‌వేర్‌ని ఇంకోదానితో కలిపే జేపియర్ కథ. 2011లో అమెరికాలోని కొలంబియా అనే ఊళ్లో, స్టార్టప్ వీకెండ్‌లో ముగ్గురు చేసిన నమూనా అది.  పగలు వేరే పనులు చేసుకుంటూ, రాత్రిళ్లు, సెలవు రోజుల్లో దీని మీద కూర్చున్నారు. "ఈ సాఫ్ట్‌వేర్‌ని ఆ సాఫ్ట్‌వేర్‌తో ఎలా కలపాలి" అని జనం అడుగుతున్న చోట్లకి వెళ్లి, ఒక్కొక్కరికీ జవాబిస్తూ మొదటి వాడకందారులని పట్టుకున్నారు. కొత్త కంపెనీలకి పెట్టుబడి, సలహా ఇచ్చే వై కాంబినేటర్‌లో చేరింది 2012లో. కాబట్టి ఉద్యోగం ఇప్పుడే మానకండి.

ఎర్రగాలిపటం:
మా టీమ్‌కి ఏ బహుమతీ రాలేదు. ఆ ప్రాజెక్టుని మర్నాడే వదిలేశాం. కానీ తెల్లవారుజామున నాలుగు గంటలకి సర్వర్ పడిపోతే ఎవరి మీదా విసుక్కోకుండా దాన్ని నిలబెట్టిన అమ్మాయితోనే రెండేళ్ల తరువాత వేరే ఆలోచనతో కంపెనీ పెట్టాను. బయోడేటా చూసి మనిషి గురించి ఇంత తెలుసుకోలేం. మీకు అక్కడే పరిచయమైన ఇద్దరి గురించి కూడా అలా ఆలోచించి చూడండి.

నీలిచుక్క:
అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. పది రోజుల తరువాత రాస్తున్నాను. మూడు క్లినిక్‌లకి వెళ్లాను. రెండు చోట్ల తీరిక లేదన్నారు. మూడోచోట రిసెప్షన్‌లో ఉన్న ఆవిడ తన నోట్‌బుక్ తిప్పి చూపించారు. ముందు పేజీల్లో ఆ రోజు పేషెంట్ల పేర్లు పెన్నుతో ఉన్నాయి. వెనక అట్ట లోపలివైపు పెన్సిల్‌తో "ముందు దొరికితే చెప్పండి" అన్నవాళ్ల పేర్లు, ఫోన్ నంబర్లు. ఖాళీ వస్తే రెండు మూడు ఫోన్లకే నిండిపోతుందట. "మా బాధ అది కాదండీ. రానివాళ్లు రావడం లేదని చెప్పరు. పదిన్నరకి రావాల్సిన మనిషి రారని పదిన్నర దాటాక గానీ తెలియదు" అన్నారు.

మేం చేసిన యాప్‌లో దీనికి జవాబు లేదు.

మూడో_బెంచి:
మంచి మాట దొరికింది మీకు. ఖాళీ నింపడం కన్నా, ముందురోజే "వస్తున్నారా" అని అడిగి జవాబు రాబట్టడం వాళ్లకి కావాలి. కొత్త కోడ్ రాయకుండానే చూడొచ్చు కదా, ఒక వారం మీరే చేత్తో మెసేజ్‌లు పంపి?

నీలిచుక్క:
అదే అనుకున్నాం. పేషెంట్ల నంబర్లు బయటికి పోకుండా, క్లినిక్ ఫోన్ నుంచే, ఆవిడ పక్కన కూర్చుని పంపడానికి డాక్టర్ గారు ఒప్పుకున్నారు. సోమవారం మొదలు. నలుగురం మాట్లాడుకున్నాం కూడా. ఒకరు తప్పుకుంటానన్నారు, తను చేసిన భాగాన్ని రాసిచ్చారు. కోడ్, డొమైన్ ముగ్గురికీ ఉమ్మడిగా ఉండే అకౌంట్‌కి మార్చాం. వారం అయ్యాక ఎంతమంది జవాబిచ్చారో ఇక్కడే రాస్తాను.