నిహితమా, విహితమా?

బ్రాడీపేట: రాత్రి నుంచి ఒక్క ముక్క బుర్రలో తిరుగుతోంది. ఎన్నికలు నడిపే అధికారం ఎవరిదో చెప్పే రాజ్యాంగం 324వ అధికరణం తెలుగులో "ఎన్నికల కమిషన్ నందు" అన్నాక నిహితమా, విహితమా? మా నాన్నగారి లా నోట్సులో "వి" ఉంది, నా చెవిలో మాత్రం "ని". వాక్యం పూర్తిగా ఎవరికైనా వచ్చా?

గవర్నర్‌పేట: "ని"నే అండి. విహితం అంటే చట్టం విధించింది, నిహితం అంటే లోపల ఉంచింది. రాజ్యాంగమే నేరుగా ఉంచింది కాబట్టే మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం ఏమీ చెప్పని చోట కూడా కమిషన్‌కి అధికారం ఉందంది.

అరండల్‌పేట: రెండూ "ధా" ధాతువేనండీ, ఉపసర్గ ఒక్కటే తేడా. నాన్నగారి నోట్సుని అంత తేలిగ్గా కొట్టేయకండి, రెండో క్లాజు చూడండి, కమిషనర్ల నియామకం పార్లమెంటు చేసే చట్టానికి లోబడి జరగాలి. అంటే అధికారం నిహితం, కుర్చీలో కూర్చునే మనిషి విహితం. ఆ నియామకాల చట్టమేమో 2023 దాకా రానే లేదు, వచ్చాక ఎంపిక కమిటీలో సుప్రీంకోర్టు చెప్పిన ప్రధాన న్యాయమూర్తికి బదులు కేంద్రమంత్రిని పెట్టారు. నాకు భయమంతా ఆ "వి" దగ్గరే.

మొగల్రాజపురం: "ధర్మస్య తత్త్వం నిహితం గుహాయాం", ధర్మం అసలు తత్త్వం గుహలో ఉందని, యక్షప్రశ్నలు! తెలుగులో ఆ భాగం ఎర్రన చేతిది. అరణ్యపర్వం మిగతాదంతా తను పూర్తిచేసి కూడా నన్నయ్యలాగే రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చాడు మహానుభావుడు, ఒకరు మొదలుపెట్టినదాన్ని కాపాడటమంటే అదీ.

గవర్నర్‌పేట: ఎర్రన అంటే నాకూ ప్రాణమే గానీ మాస్టారూ, అక్కడ నిహితంలో దాచిన వాసనుంది. కమిషన్ గుహ కాకూడదు కదా.

కొత్తపేట: అసలు రెండూ వద్దు, "దఖలు" అనండి. మా రిజిస్ట్రాఫీసు మాట. ఆస్తి ఒకరి పేర దఖలు దస్తావేజు రాసిచ్చాక మామూలుగా వెనక్కి తీసుకోవడం ఉండదు. 2020లో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర ఎన్నికల కమిషనర్ పదవీకాలం తగ్గిస్తూ ఆర్డినెన్స్ వస్తే మే 29న హైకోర్టు కొట్టేసింది, అప్పుడు నాకు ఈ మాటే గుర్తొచ్చింది.

అరండల్‌పేట: దఖలు పారసీ వైపు నుంచి వచ్చిందండీ, "నందు" పక్కన అతకదు.

కొత్తపేట: అతకకపోవడమేంటన్నా, ఊరంతా వాడే మాట!

బ్రాడీపేట: వాక్యం మాత్రం ఎవరూ పూర్తిచేయలేదు. నోట్సు మళ్లీ తీసి చూశాను, ఆ అక్షరం దగ్గర సిరా అలుక్కుపోయింది. "ని" అయినా కావచ్చు.