చచ్చిన ఎరతో పైక్ వేట: ఎలాంటి రీలు, ఎలా వాడాలి?

కొత్తగాలం:

అందరికీ నమస్కారం. రెండు శీతకాలాల పాటు చెంచా ఆకారపు లోహపు ఎరలతో పైక్ అనే పదునైన పళ్ల మంచినీటి వేటచేపలను పట్టిన తరువాత, ఈసారి చచ్చిన చేపలను ఎరగా వేసి ఒడ్డున కూర్చుని పట్టడం మొదలుపెట్టాను. నా దగ్గర ఉన్నది 3000 సైజు రీలు (గాలం కర్రకు బిగించి దారం చుట్టే సాధనం). చెంచాలు విసరడానికి అది చక్కగా సరిపోయింది కానీ, సగానికి కోసిన మాకెరెల్ చేప ముక్కకు సీసం గుండు కూడా కట్టి విసిరేసరికి రీలు మరీ చిన్నదన్న సంగతి తెలిసివచ్చింది. ఎవరిని అడిగినా వెనుక మీట ఉండే బెయిట్‌రన్నర్ రకం రీలే కొనమంటున్నారు. అది నిజంగా అవసరమా, లేక మామూలు రీలులో బెయిల్ (దారాన్ని రీలు మీదికి మళ్లించే తీగ కమ్మీ) తెరిచి ఉంచితే సరిపోతుందా?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. పోయిన వారం బెయిల్ మూసి, డ్రాగ్ (చేప లాగితే దారం ఎంత బిగువు మీద జారాలో నిర్ణయించే బ్రేకు) బాగా వదులు చేసి, గాలం కర్ర కొన వైపే చూస్తూ కూర్చున్నాను. కొన కదిలిన తరువాత నేను డ్రాగ్ బిగించి గుంజేలోపలే చేప ఎరను గొంతు దాకా మింగేసింది. గాలం ముళ్లు తీయడానికి నేను పడ్డ తిప్పలకంటే ఆ చేప పడ్డ బాధే ఎక్కువ. అది రీలు లోపమా, నా లోపమా అన్నదే నా అసలు సందేహం.

ఒడ్డుమనిషి:

మీ చివరి సందేహంతోనే మొదలుపెడతాను, ఎందుకంటే రీలు ఎంపిక మొత్తం దాని మీదే ఆధారపడి ఉంది. పైక్ చాలాసార్లు ఎరను అడ్డంగా కరుచుకుని కొంత దూరం తీసుకుపోయి, తల ముందుగా లోపలికి పోయేటట్టు తిప్పుకుని మింగుతుంది. అది కరిచిన క్షణానికీ మింగే క్షణానికీ మధ్య ఉన్న కొద్ది వ్యవధిలోనే మనం గుంజాలి. ఆ వ్యవధిలో రీలు చేయవలసిన పనులు రెండు. మొదట చేపకు అనుమానం రాకుండా దారాన్ని తేలికగా వదలాలి. ఆ వెంటనే, మనం గుంజిన క్షణంలో, జారకుండా పట్టుకోవాలి. డ్రాగ్ వదులు చేసి కూర్చుంటే మొదటి పని అరకొరగా జరుగుతుంది, రెండవది అసలు జరగదు. కాబట్టి లోపం రీలులోనూ లేదు, పూర్తిగా మీలోనూ లేదు; మీరు ఎంచుకున్న పద్ధతిలో ఉంది.

బెయిట్‌రన్నర్‌లో వెనుక మీట వేయగానే, దారం చుట్టి ఉండే స్పూల్ అసలు డ్రాగ్ నుంచి విడిపోయి, రెండవదైన ఒక చిన్న డ్రాగ్ మీద తిరుగుతుంది. పిడిని కొద్దిగా తిప్పితే చాలు, మీట తనంతట తానే పడిపోయి అసలు డ్రాగ్ పట్టుకుంటుంది. ఏర్పాటు బాగుంటుంది, కాదనను. కానీ నేను మాత్రం ఇప్పటికీ మామూలు రీలులో బెయిల్ తెరిచి, పడిపోయే రకం సూచికనే వాడతాను. కర్ర అడుగు భాగానికి బిగించిన ఒక పుల్ల, దాని చివర రంగు బంతి, ఆ బంతికి ఒక క్లిప్పు ఉంటాయి. స్పూల్ నుంచి బయలుదేరే దారాన్ని ఆ క్లిప్పులో పెడతాం. చేప దూరంగా లాగితే దారం క్లిప్పు నుంచి ఊడి పుల్ల కిందికి పడుతుంది. చేప ఎరతో మన వైపే వస్తే దారం వదులై అప్పుడూ పుల్ల పడుతుంది. ఈ రెండవ సందర్భంలో బెయిట్‌రన్నర్ ఒక్కటే ఉంటే స్పూల్ కదలదు, మోగదు. చేపలు గొంతు దాకా మింగడానికి ఇది ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

సూచిక ఏదైనా, పుల్ల పడగానే బెయిల్ మూసి, దారం బిగిసేదాకా చుట్టి, వెంటనే గుంజండి. లెక్కపెడుతూ కూర్చోవద్దు.

పడవవాడు:

ఒడ్డుమనిషి గారు చెప్పిన సూచిక సంగతితో ఏకీభవిస్తాను, తెరిచిన బెయిల్ విషయంలో మాత్రం కాదు. గాలి గట్టిగా వీచే రోజున, లేదా అడుగున నీటి లాగుడు ఉన్నచోట, క్లిప్పు ఊడితే చాలు, దారం స్పూల్ నుంచి చుట్టలు చుట్టలుగా జారిపోతుంది. చేప ఎత్తుకుపోయిందో గాలి లాగిందో తేల్చుకునేసరికి సమయం కాస్తా గడిచిపోతుంది. బెయిట్‌రన్నర్‌లో చిన్న డ్రాగ్‌ను గాలికి దారం ఊడనంత మాత్రమే బిగిస్తే ఆ బెడద ఉండదు. మన వైపు వచ్చే చేపకోసం దారానికి వేలాడే ఒక బరువు సూచికను తగిలించుకోవచ్చు. రెండింటినీ కలిపి వాడకూడదన్న నియమమేమీ లేదు కదా!

అయితే ఆ రీలులో ఒక ఉచ్చు ఉంది. చిన్న డ్రాగ్‌ను సరిచేసుకునే హడావుడిలో అసలు డ్రాగ్‌ను మరిచిపోతాం. ఒకసారి ఇంటి దగ్గర వదులు చేసి ఉంచిన అసలు డ్రాగ్‌ను చూసుకోకుండా వెళ్లాను. చేప పట్టింది, గుంజాను, స్పూల్ బుర్రున తిరిగింది, ముల్లు దిగలేదు. అప్పటినుంచి మొదటి ఎర వేయకముందే దారాన్ని గుడ్డతో పట్టుకుని, కర్ర వంగేదాకా లాగి చూస్తాను. 15 పౌన్ల బలమున్న మోనో (ఒంటిపోగు నైలాన్) దారానికి సుమారు 2 కిలోల దగ్గర డ్రాగ్ జారడం మొదలైతే చాలు. బ్రెయిడ్ (సన్నని పోగులతో అల్లిన దారం) 50 పౌన్లదైనా ఇంతకంటే పెద్దగా బిగించనక్కరలేదు, ఎందుకంటే అక్కడ హద్దు దారం బలం కాదు, ముల్లు పట్టు, కర్ర బలం. పైక్ చాలా దూరం పరుగెత్తే చేప కాదు, కానీ వల దగ్గరకు వచ్చాక ఒక్కసారిగా మునుగుతుంది. డ్రాగ్ అవసరం నిజంగా తెలిసేది అప్పుడే.

పడవలో నేను మల్టిప్లయర్ రీలు (విసిరినప్పుడు స్పూలే తిరిగే రకం) వాడతాను, స్పూల్‌ను విడిచి టికటికలాడే మీట వేసి ఉంచుతాను. ఒడ్డునుంచి మెత్తటి ఎరను దూరం విసరాలంటే అది చేయి తిరిగినవారికే, కొత్తలో దారం పిచ్చుకగూడవుతుంది.

ఉక్కుతీగ:

ఎవరూ చెప్పలేదు కనుక ఒక్క మాట. నున్నని స్పూల్ మీద బ్రెయిడ్‌ను నేరుగా చుట్టవద్దు. నేను చుట్టాను, పెద్ద చేప లాగినప్పుడు డ్రాగ్ కదలకుండానే దారపు చుట్ట మొత్తం స్పూల్ మీద గుండ్రంగా తిరిగింది, నేనేమో పిడి తిప్పుతూనే ఉన్నాను. ముందు కొన్ని చుట్లు మోనో వేసి, దాని మీద బ్రెయిడ్ బిగువుగా చుట్టి, స్పూల్ అంచుకు 2 మిల్లీమీటర్ల కింద ఆపండి. దారం చివర ఉక్కు తీగ 45 సెంటీమీటర్లకు తగ్గకుండా ఉండాలి; పైక్ పళ్లకు బ్రెయిడ్ అయినా మోనో అయినా ఒకటే.

కొత్తగాలం:

ముగ్గురికీ ధన్యవాదాలు. సైజు 5000 అనుకుంటే, గేరు నిష్పత్తి (పిడి ఒక్క చుట్టుకు దారం స్పూల్ మీద ఎన్ని చుట్లు పడుతుందన్న లెక్క) ఎక్కువ ఉన్నది తీసుకోవాలా, తక్కువ ఉన్నదా?

ఒడ్డుమనిషి:

సైజు సంఖ్యలు ఒక్కో తయారీదారుకు ఒక్కో రకంగా ఉంటాయి కనుక, సంఖ్యను కాక దారం పట్టే కొలతను చూడండి. 0.35 మిల్లీమీటర్ల మోనో 200 మీటర్ల వరకు పట్టే స్పూల్ ఒడ్డున వేటకు ధారాళంగా సరిపోతుంది.

ఇక నిష్పత్తి సంగతి. దారం నిండిన స్పూల్ వ్యాసం 5.5 సెంటీమీటర్లనుకుంటే దాని చుట్టుకొలత సుమారు 17 సెంటీమీటర్లు. నిష్పత్తి 5:1 అయితే పిడి ఒక్క చుట్టుకు 86 సెంటీమీటర్ల దారం లోపలికి వస్తుంది. మన వైపు వచ్చే చేప వదిలిన దారాన్ని అందుకోవడానికి ఆ వేగం సరిపోతుంది, బరువైన ఎరను అడుగునుంచి లాక్కురావడానికి బలమూ మిగులుతుంది. 6:1 దాటితే వేగం పెరుగుతుంది కానీ పిడి బరువెక్కుతుంది. కొనేముందు చేతికి మందపాటి తొడుగు వేసుకుని ఆ పిడిని పట్టుకుని చూడండి. చలికి వేళ్లు కొయ్యబారినప్పుడు చిన్న పిడి చేతికి చిక్కదు.